పుట్టిల్లు లేని ఊళ్లో బోనం

ఆషాఢం వస్తే హైదరాబాద్ గల్లీలు డప్పులతో మోగుతాయి. 1,600 కిలోమీటర్ల అవతల ఢిల్లీలో ఉన్నవారికి అదే పండుగ ఒక ఊరేగింపు, ఒక టీవీ తెర, వంటగట్టు మీద ఒక చిన్న కుండ.

ఇండియా గేట్ దగ్గర బెలూన్లు అమ్మేవాళ్లకు, ఐస్‌క్రీం బండ్లవాళ్లకు ఊరేగింపులు కొత్త కాదు. కొవ్వొత్తుల నిరసనల నుంచి గణతంత్ర దినోత్సవ కవాతు దాకా అన్నీ చూసినవారే. ఆషాఢం సమీపించాక ఒక రోజు మాత్రం వాళ్లు కూడా బేరాలు ఆపి తలలు తిప్పుతారు. ఒళ్లంతా పసుపు, నుదుట ఎర్రని బొట్టు, నడుముకు వేపమండలు, కాళ్లకు గజ్జెలు, చేతిలో కొరడా - డప్పు దెబ్బకు పోతరాజు ఎగిరి దూకుతుంటాడు. వెనకే పట్టుచీరల్లో ఆడవాళ్లు, వారి తలల మీద కుండలు, కుండల మీద వెలిగే దీపాలు. పక్కన ఆగిన ఆటోడ్రైవర్‌కు ఇది ‘మాతా’ ఊరేగింపని అర్థమవుతుంది. ఏ మాత, ఆ కొరడా ఎందుకు అన్నది అర్థం కాదు. చెప్పడానికి అక్కడ ఎవరికీ తీరికా ఉండదు.

2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడి, బతుకమ్మతో పాటు బోనాలను రాష్ట్ర పండుగగా ప్రకటించిన తర్వాత వేళ్లూనుకున్న ఆనవాయితీ ఇది. హైదరాబాద్ పాతబస్తీలోని లాల్ దర్వాజ సింహవాహిని మహంకాళి ఆలయ కమిటీ దాదాపు ఏటా ఢిల్లీకి తరలివచ్చి తెలంగాణ భవన్‌లో బోనాలు జరిపిస్తోంది. బోనాల చరిత్ర చెప్పే ఫోటోల ప్రదర్శన, ఇండియా గేట్ నుంచి భవన్ దాకా ఘటం ఊరేగింపు, ఆఖరున అమ్మవారికి బోనం సమర్పణ - స్థూలంగా కార్యక్రమం ఇదీ. అచ్చం హైదరాబాద్‌లో మాదిరే ఉందని కొందరు మురిసిపోతారు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవారు ఆ మాట అంత తేలిగ్గా అనలేరు.

ఎందుకంటే బోనాలు ఒక దేవతకు చేసే పూజ మాత్రమే కాదు, ఒక చిరునామా కూడా. గోల్కొండ కోట మీది జగదాంబతో మొదలై, ఒక ఆదివారం సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళికి, మరో ఆదివారం లాల్ దర్వాజకు, ఆ మధ్య లెక్కలేనన్ని గల్లీల పోచమ్మ, ఎల్లమ్మ, మైసమ్మలకు - నెలంతా పండుగ నగరంలో వంతులవారీగా తిరుగుతుంది. ఎవరి గల్లీ వంతు వచ్చినప్పుడు వారి ఇంటికి చుట్టాలు దిగుతారు. ఆషాఢంలో అమ్మవారు పుట్టింటికి వస్తుందని నమ్మకం. కొత్తగా పెళ్లయిన ఆడపిల్లలు పుట్టింటికి చేరేదీ ఆ నెలలోనే. ఇంటికొచ్చిన ఆడబిడ్డకు పెట్టే భోజనమే బోనం. భోజనం అనే మాటే అరిగి బోనం అయిందంటారు. అలాంటి పండుగను ఎవరికీ పుట్టిల్లు కాని ఊళ్లో చేయడమంటే అందులో ఏదో ఒక వెలితి ఉండి తీరుతుంది.

విచిత్రమేమంటే, సికింద్రాబాద్ బోనాల కథ మొదలైందే ఊరు వదిలిపోయిన ఒక మనిషితో.

పల్లకీ మోసినవాడి మొక్కు

సురిటి అప్పయ్య సైన్యంలో డోలీ మోసే పని చేసేవాడు. 1813 ప్రాంతంలో అతని దళాన్ని ఉజ్జయినికి పంపారు. ఆ రోజుల్లో మహమ్మారి విరుచుకుపడింది. జంటనగరాల్లో జనం పిట్టల్లా రాలిపోతున్నారన్న కబురు ఉజ్జయినికి చేరిందని ఒక కథనం. ఉజ్జయినిలోనే కలరా సోకిందని మరో కథనం. రెంటిలోనూ కలిసే సంగతి ఒకటే: అప్పయ్య, అతని తోటివారు అక్కడి మహాకాళి గుడికి వెళ్లి, జబ్బు తగ్గితే తమ ఊళ్లో నిన్ను నిలబెట్టుకుంటామని మొక్కుకున్నారు. తగ్గింది. తిరిగొచ్చాక 1815లో సికింద్రాబాద్‌లో అమ్మవారి కొయ్య విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. 1864లో దాని స్థానంలో రాతి విగ్రహం వచ్చింది. ఊరు సికింద్రాబాద్ అయినా అమ్మవారి పేరులో ఉజ్జయిని అలాగే ఉండిపోయింది.

అంటే రెండు శతాబ్దాల కిందట ఒక ప్రవాసి పరాయి ఊరి దేవతను తన ఊరికి తెచ్చుకున్నాడు. ఈ కాలపు ప్రవాసులు తమ ఊరి దేవతను పరాయి ఊరికి తెచ్చుకుంటున్నారు. హైదరాబాద్ నుంచి న్యూఢిల్లీ వచ్చే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ భోపాల్‌లో ఆగుతుంది. అక్కణ్నుంచి ఉజ్జయిని రెండు వందల కిలోమీటర్లలోపే. సెలవులకు వెళ్లొచ్చే తెలుగువాళ్లలో ఎంతమంది ఆ సంగతి తలచుకుంటారో గానీ, బోనాల పాత దారి వారి రైలు దారికి అంత దగ్గర్లో ఉంది.

లాల్ దర్వాజ కథ వేరు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు, దివాను మహారాజా కిషన్ పర్షాద్ సలహా మీద ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బంగారు చాటలో పసుపు కుంకుమలు, ముత్యాలు పెట్టి నదికి సమర్పించాడని, వరద తగ్గుముఖం పట్టిందని పాతబస్తీలో చెప్పుకుంటారు. ముస్లిం పాలకుడు అమ్మవారికి మొక్కిన ఈ కథ లేకుండా లాల్ దర్వాజ గుడి గురించిన సంభాషణ ముగియదు. ఢిల్లీ వేదికల మీద సైతం వక్తలు దాన్ని తప్పకుండా గుర్తు చేస్తారు.

ఆ నిజాం కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ ఢిల్లీలో కట్టించుకున్న మహలే హైదరాబాద్ హౌస్. లుట్యెన్స్ గీసిన నమూనా, 1920లలో కట్టింది, ఇండియా గేట్‌కు కూతవేటు దూరం. ఇప్పుడు అక్కడ విదేశాంగ శాఖ ఏర్పాట్లతో ప్రధానమంత్రి విదేశీ నేతలకు విందులిస్తారు. హైదరాబాద్ పేరు మోస్తున్న ఆ ఇంట్లోకి హైదరాబాదీకి ప్రవేశం లేదు. బోనాల ఊరేగింపు చేరేది ఆ దగ్గర్లోనే ఉన్న తెలంగాణ భవన్‌కు. రాష్ట్ర విభజనతో అశోకా రోడ్డులోని ఆంధ్రప్రదేశ్ భవన్ ప్రాంగణం రెండు రాష్ట్రాలదీ అయింది. పదేళ్ల మంతనాల తర్వాత 2024 మార్చిలో కేంద్రం పంపకం తేల్చింది - తెలంగాణకు 8.245 ఎకరాలు, ఆంధ్రప్రదేశ్‌కు 11.536 ఎకరాలు. ఢిల్లీలో తెలుగువారికి ఊరి మట్టి అంటూ ఏదైనా ఉంటే అదే.

వేదికెక్కిన పూనకం

తెలంగాణ భవన్ బోనాల మీద వినిపించే ఫిర్యాదు ఒకటుంది: అది పండుగకన్నా ప్రభుత్వ కార్యక్రమంలా ఉంటుందని. పూర్తిగా కొట్టిపారేయదగ్గ మాట కాదు. ముఖ్య అతిథులుంటారు, శాలువాలుంటాయి, ఎవరు ముందు మాట్లాడాలన్న లెక్కలుంటాయి. హైదరాబాద్ గల్లీలో పోతరాజు ఎప్పుడొస్తాడో, ఎంతసేపు ఆడతాడో ఎవరూ చెప్పలేరు. ఊరేగింపు నాలుగు గంటలు ఆలస్యమైతే అదీ పండుగలో భాగమే. ఢిల్లీలో పోలీసు అనుమతి కాగితం మీద వేళలు రాసి ఉంటాయి. శివసత్తుల పూనకానికి నిమిషాల లెక్క చెప్పడం కుదరదు, సభకు చెప్పక తప్పదు.

అంతకన్నా పెద్ద తేడా పనివారిలో ఉంది. ఊళ్లో బోనాలంటే కుమ్మరి కుండ ఇవ్వాలి, డప్పు కొట్టేవారి ఇల్లు వేరు, ఘటం మోసే కుటుంబం వేరు, పోతరాజు వేషం తాతల నుంచి వచ్చినవాడు వేరు. ఎవరి పాత్ర వారికి హక్కు, అదే వారికి గౌరవం. అప్పుడప్పుడు అదే తగువు. ఢిల్లీకి ఆ అల్లిక రాదు. కళాకారులుగా కొందరు వస్తారు, తక్కినవారంతా ప్రేక్షకులవుతారు.

అయితే ఫిర్యాదు చేసేవారు మరచిపోయే సంగతి మరొకటుంది. దేశ రాజధానిలో తెలుగు సంస్కృతి అంటే దశాబ్దాలపాటు ఉగాది పంచాంగ శ్రవణం, సంక్రాంతి ముగ్గులు, త్యాగరాజ కీర్తనలు, కూచిపూడి. 1948లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ నెలకొల్పిన ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ బడుల్లో, తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో ప్రారంభించిన శ్రీ వెంకటేశ్వర కాలేజీలో తరాల పిల్లలు తెలుగువారమన్న స్పృహతో పెరిగారు. అందుకు ఆ సంస్థలకు దండం పెట్టాల్సిందే. కానీ ఆ తెలుగుదనంలో పోచమ్మకు, మైసమ్మకు చోటు దాదాపు లేదు. మేకపోతును కోసి, కల్లు సాక పోసే పండుగను నలుగురిలో చెప్పుకోవడానికి తటపటాయించిన కుటుంబాలున్నాయి. దాన్ని క్షుద్ర పూజగా ముద్రవేసిన చదువరులూ ఉన్నారు. ఇవాళ అదే బోనం ఇండియా గేట్ ముందు నుంచి నెత్తి దించకుండా నడిచి వెళ్తోంది. ప్రభుత్వ కార్యక్రమమే కానీయండి, ఆ నడక విలువ తక్కువది కాదు.

ఆ నడకకు ఒక మూల్యమూ ఉంది. భవన్‌కు వచ్చే బోనం బాగా శుభ్రపడి వస్తుంది. ఢిల్లీ సభాప్రాంగణంలో పసుపు, వేప, పట్టువస్త్రాలు కనిపిస్తాయి. రక్తం, కల్లు కనిపించవు. హైదరాబాద్‌లో కూడా పెద్ద గుళ్లలో గుమ్మడికాయ, సొరకాయ బలులే ఎక్కువయ్యాయన్నది నిజమే. కాకపోతే అక్కడ గుడి బయట, ఇంటి వెనక అసలు పండుగ నడుస్తూనే ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం యాట కూర వండని ఇల్లు బోనాల ఇల్లే కాదనే వారున్నారు.

లిఫ్టులో దీపం

భవన్ పండుగ జరిగే రోజు ఆదివారమే కానక్కర్లేదు. కళాకారులూ కమిటీవారూ లాల్ దర్వాజలో తమ అసలు పండుగకు తిరిగి చేరాలి కాబట్టి ఢిల్లీ తేదీలు దాన్ని బట్టి కుదురుతాయి. నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవారికో, గురుగ్రామ్ నుంచి రావలసినవారికో పనిరోజున అశోకా రోడ్డు చేరడం తేలిక కాదు. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో సివిల్స్‌కు చదివే కుర్రాళ్లు, మునీర్కాలో గదులు తీసుకున్న విద్యార్థులు మెట్రో ఎక్కి వస్తారు. వారికి పండుగ ఎంతో, భోజనం అంతే. రాలేనివారు ఇంట్లోనే చేసుకుంటారు.

ఇంటి బోనానికి మొదటి చిక్కు కుండ. ఉత్తమ్‌నగర్‌లోని ప్రజాపతి కాలనీలో వందల కుమ్మరి కుటుంబాలున్నాయి. వేసవి నుంచి వీధిపొడుగునా కుండలే. చాలావాటికి మంచినీళ్ల కోసం కొళాయి బిగించి ఉంటుంది. కొళాయి లేనిది, మూతి మీద దీపపు ప్రమిద నిలిచేది, ఆరేళ్ల పిల్ల నెత్తిన కూడా కుదురుగా కూర్చునేది వెతికి తెచ్చుకోవాలి. ఈ తంటా పడలేక చాలామంది ఊరి నుంచి ఇత్తడి చెంబు తెచ్చి పెట్టుకుంటారు. వేపకు మాత్రం ఢిల్లీలో కరువు లేదు. లోధీ రోడ్డు, పృథ్వీరాజ్ రోడ్డు పొడవునా బ్రిటిష్‌వారు నాటించినవి వేప చెట్లే. 2022 దాకా రాజ్‌పథ్ అనిపించుకున్న కర్తవ్యపథ్ పక్కన నేరేడు చెట్లు సరిగ్గా ఆషాఢం నాటికి పండి రాలుతుంటాయి. చెట్లను చూస్తే ఈ ఊరు బోనాలకు సిద్ధమైనట్టే ఉంటుంది. వానే రాదు. హైదరాబాద్‌లో తొలకరి పడి మూడు వారాలు కావస్తున్నా, ఢిల్లీకి రుతుపవనాలు చేరే సగటు తేదీ జూన్ 27. ఆలోపు బోనాలు వస్తే చెప్పుల్లేని కాళ్లకు తారురోడ్డు పరీక్షే.

ఇక అన్నంలో పాలు, బెల్లం కలిపి, కుండకు పసుపు పూసి, బొట్లు పెట్టి, వేపమండలు చుట్టి, దీపం వెలిగించి నెత్తిన పెట్టుకున్నాక ఎక్కడికి వెళ్లాలన్నది రెండో చిక్కు. పోచమ్మ గుడి లేదు. కొందరు దగ్గర్లోని ఏదో అమ్మవారి గుడికి వెళ్తారు, కొందరు కాల్కాజీ దాకా పోతారు. మరికొందరు పూజగది ముందే దించేస్తారు. 14వ అంతస్తు నుంచి దీపంతో లిఫ్టులో దిగే గృహిణిని చూసి సెక్యూరిటీ గార్డు కంగారుపడితే తప్పు పట్టలేం. సాంబ్రాణి పొగకు అలారం మోగిన ఇంట్లో ఆ తర్వాతి ఏడు సాంబ్రాణి ఉండదు. డప్పు మాట చెప్పనే అక్కర్లేదు. ఫోనులో పెట్టుకుంటారు.

మూడో చిక్కు అన్నిటికన్నా లోతైనది. అది పంచాంగానిది. తెలుగువారికి నెల అమావాస్యతో ముగుస్తుంది, ఉత్తరాదివారికి పున్నమితో. కనుక తెలుగు ఆషాఢం సగంలో ఉండగానే ఢిల్లీలో శ్రావణం వచ్చేస్తుంది. 2025నే తీసుకోండి. జూన్ 26న గోల్కొండలో తొలి బోనం, జూలై 13న సికింద్రాబాద్‌లో, 20న లాల్ దర్వాజలో. ఢిల్లీలో జూలై 11నే ‘సావన్’ మొదలైంది. శివుడికి గంగాజలం మోసుకొచ్చే కాంవడియాలతో 23 దాకా హరిద్వార్ దారులన్నీ కాషాయం. ఘాజియాబాద్, నోయిడా వైపు ట్రాఫిక్ మళ్లింపులు, దారి పొడవునా శిబిరాలు, డీజే లారీలు. పొరుగింటివారు నెల రోజులు మాంసం ముట్టరు, కొందరు ఉల్లి కూడా తినరు. చాలాచోట్ల మాంసం దుకాణాలు మూసి ఉంటాయి. సరిగ్గా ఆ ఆదివారమే తెలుగింట్లో మసాలా వాసన రావాలి. ఒకే దేశంలో, ఒకే వానాకాలంలో, ఇద్దరూ భక్తితోనే - ఒకరికి మాంసం మానేయడం వ్రతం, మరొకరికి వండి పెట్టడం మొక్కు. తలుపులు, కిటికీలు మూసి కూర వండుకోవడం ఢిల్లీ శివార్లలో బోనాల పద్ధతుల్లో ఒకటిగా చేరిపోయింది. గొడవ పడటంకన్నా అది మేలనుకుంటారు. పండుగ నాడు తలుపు మూసుకోవలసి రావడంలోని నొప్పి మాత్రం మరుసటి ఏటికీ పోదు. కల్లు సంగతికొస్తే, ఢిల్లీలో తాటిచెట్టే అరుదు. సాక కోసం బెల్లం నీళ్లు, పాలు వాడతారు. అమ్మవారు సర్దుకుంటుందని పెద్దలు చెప్తారు, తాము సర్దుకున్నట్టే.

అందరూ తెరముందే

వీటిలో ఏదీ తేలేనిది రంగం. బోనాల మర్నాడు, సోమవారం పొద్దున, సికింద్రాబాద్ గుడిలో పచ్చి కుండ మీద నిలబడి ఒక స్త్రీ అమ్మవారి గొంతుతో భవిష్యవాణి వినిపిస్తుంది. వానలు పడతాయా, పంటలు పండుతాయా, రోగాలొస్తాయా, తనకు చేసిన పూజలో ఎక్కడ లోపం జరిగింది - నిలదీస్తుంది, కోపగించుకుంటుంది, చివరికి కాపాడతానని మాటిస్తుంది. తెలుగు చానెళ్లన్నీ ప్రత్యక్ష ప్రసారం చేస్తాయి. ఢిల్లీలో ఆ రోజు సెలవు లేదు. తెలంగాణలో లాల్ దర్వాజ మర్నాటి సోమవారం సెలవు. 2025లో అది జూలై 21. అదే రోజు ఢిల్లీ ఉద్యోగి మెట్రోలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాతబస్తీ ఘటాల ఊరేగింపు చూస్తుంటాడు. అక్కన్న మాదన్న గుడి అమ్మవారు అంబారీ మీద కదులుతుంటే, రాజీవ్ చౌక్‌లో రైలు మారాలి.

2020లో ఒక తమాషా జరిగింది. దాన్ని తమాషా అనొచ్చో లేదో. కరోనా కారణంగా హైదరాబాద్‌లోనే బోనాలు జనం లేకుండా జరిగాయి. గుళ్లలో పూజారులు, కొద్దిమంది నిర్వాహకులే. ప్రజలంతా ఇళ్లలోనే బోనం సమర్పించుకోవాలని ప్రభుత్వం కోరింది. మహమ్మారి తగ్గాలని మొదలైన పండుగకు మహమ్మారే అడ్డుపడింది. ఆ ఏడాది లాల్ దర్వాజలో గుడి పక్కింట్లో ఉన్నవారూ, నోయిడాలో పద్నాలుగో అంతస్తులో ఉన్నవారూ ఒకేలా పూజగది ముందు కుండ దించి, ఒకేలా టీవీ ముందు కూర్చున్నారు. దూరంగా బతికేవారు ఏళ్ల తరబడి చేస్తున్న పండుగ ఎలా ఉంటుందో ఊళ్లోవారికి ఆ ఒక్క ఆషాఢంలో తెలిసొచ్చింది.

లండన్, మెల్‌బోర్న్, సింగపూర్‌లలోనూ తెలంగాణ సంఘాలు బోనాలు చేస్తున్నాయి. అక్కడివారికి అద్దె హాలు, వారాంతం, వీసా మీద వచ్చిన కళాకారుడు దొరికితే గొప్ప. ఢిల్లీకి వాటికి లేని సౌలభ్యం ఉంది: రైలెక్కితే ఒక రోజులో ఊరు. అదే దాని బలహీనత కూడా. ఎప్పుడైనా వెళ్లొచ్చు కాబట్టి ఇక్కడ తమకంటూ ఒక గుడి, ఒక గల్లీ కావాలన్న పట్టుదల పుట్టలేదు. బెంగాలీలు అలా ఊరుకోలేదు. రాజధాని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుతుందని 1911లో ప్రకటన రాకముందే, 1910లో కశ్మీరీ గేట్ దగ్గర దుర్గాపూజ మొదలుపెట్టారు. ఇవాళ చిత్తరంజన్ పార్కులో పూజకు వెళ్లని ఢిల్లీవాసిని వెతకాలి. బీహార్, పూర్వాంచల్ శ్రమజీవులు యమున ఒడ్డున ఛఠ్ పూజను ఎన్నికల వాగ్దానాల స్థాయికి తీసుకెళ్లారు. ఆ పండుగలకు ఢిల్లీలో సొంత చిరునామాలున్నాయి. బోనాలకు ఉన్నది భవన్ చిరునామా. ప్రభుత్వం మారినా, అధికారి మారినా, గేటు దగ్గర నిబంధన మారినా ఆ పండుగ ఆకారం మారుతుంది.

పిల్లలు మాత్రం ఈ లెక్కల్లో లేరు. ద్వారకలోనో ఇందిరాపురంలోనో పుట్టి, ఇంట్లో తెలుగు విని హిందీలో జవాబు చెప్పే పిల్లకు బోనమంటే ఏటా ఒకసారి నెత్తిన పెట్టుకునే బరువు, మెడ కదలకుండా నడిచే పది నిమిషాలు, ఇండియా గేట్ దగ్గర పోతరాజును చూసి ముందు జడుసుకుని తర్వాత అతనితో దిగిన ఫోటో. లాల్ దర్వాజ గల్లీ ఆమె చూసి ఉండకపోవచ్చు. ఆమెకు బోనాలు జరిగే ఊరు ఢిల్లీయే.

పెద్దవాళ్ల చూపు రైలు మీద ఉంటుంది. 2024 నవంబర్ నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించడంతో, ఆషాఢం ఆదివారాల టికెట్ల కోసం మే నెలలో పొద్దున్నే కంప్యూటర్ల ముందు కూర్చోవాలి. దొరికినవారు కూర, గుడి, చుట్టాలు అన్నీ ఒకే ఆదివారంలో ముగించుకుని సోమవారం సాయంత్రానికి తిరుగు రైలు పట్టుకుంటారు. దొరకనివారు ఉత్తమ్‌నగర్ వెళ్లి కొళాయి లేని కుండ వెతుక్కుంటారు.